సర్వర్‌లో నెట్‌వర్క్ పోర్టుల పేర్లు: ఈత్0కి వెనక్కి వెళ్లాలా, సొంత పేర్లు పెట్టుకోవాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్ల పని మొత్తం నేనొక్కడినే చూసుకుంటాను. ఎమ్మారై, సీటీ మిషన్లు తీసిన ఇమేజ్‌లన్నీ వచ్చి చేరే సర్వర్ ఒకటుంది. 2009 అక్టోబరు వరదను చూసిన ఊరు కాబట్టి దాన్ని కింద పెట్టనివ్వలేదు మా వాళ్లు. రెండో అంతస్తులో మెట్ల పక్కన చిన్న గదిలో ఉంటుంది. దాని మీద డెబియన్ 12 అనే లినక్స్ నడుస్తోంది.

దానికి నాలుగు నెట్‌వర్క్ పోర్టులు. మదర్‌బోర్డు మీద రెండు, విడిగా కొన్న టెన్ గిగాబిట్ కార్డు మీద రెండు. బోర్డు మీద వాటికి ఈఎన్ఓ1, ఈఎన్ఓ2 అనీ, కార్డు మీద వాటికి ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0, ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్1 అనీ సిస్టమే పేర్లు పెట్టుకుంది. ఈఎన్ఓ1 ఆఫీసు నెట్‌వర్క్‌కి, కార్డులో మొదటిది స్కాన్ మిషన్లకి, రెండోది బ్యాకప్‌కి. ఈఎన్ఓ2 ఖాళీ.

మొన్న ఆదివారం సాయంత్రం, డిస్కులో చోటు చాలట్లేదని ఎన్‌వీఎంఈ డిస్కు (వేగంగా నడిచే చిన్న డిస్కు) పట్టే అడాప్టర్ కార్డు ఒకటి ఖాళీ స్లాట్‌లో పెట్టాను. సర్వర్ లేచింది. ఇంటికొచ్చి లాగిన్ అయ్యాను, కొత్త డిస్కు కనిపించింది, ఫార్మాట్ చేసి పడుకున్నాను.

సోమవారం ఎనిమిదింటికి టెక్నీషియన్ ఫోన్: ‘ఇమేజ్‌లు పోవట్లేదు సార్.’ బి.క్యాంప్ నుంచి బండి మీద వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఆదోని నుంచి మొదటి బస్సుకి వచ్చిన పెద్దాయన ఒకరు నడుముకి ఎమ్మారై తీయించుకుని బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు. ఆయన్ను చూసే డాక్టర్ పదకొండుకి ఆపరేషన్‌కి వెళ్లిపోతారు. కొడుకు ప్రతి ఐదు నిమిషాలకీ కౌంటర్ దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా, మా ముఖాలు చూసి వెళ్తున్నాడు. ఆ చూపు తట్టుకోవడం కష్టం.

ముందు మిషన్ వైపు తేడా అనుకున్నాను. తర్వాత స్విచ్‌ని అనుమానించి కేబుల్ మార్చాను. సర్వర్‌లోకి లాగిన్ బాగానే అవుతోంది కాబట్టి దాని మీదకి అనుమానమే పోలేదు. గంటన్నర అలా పోయాక పోర్టుల లిస్టు చూపే ఐపీ లింక్ కమాండ్ కొట్టి చూస్తే ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0 అసలు లేదు. దాని చోట ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్0 ఉంది! ఏ పోర్టుకి ఏ ఐపీ అడ్రస్ అని రాసి ఉండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో మాత్రం మూడు అనే ఉంది, కాబట్టి ఆ పోర్టుకి ఐపీ పడలేదు. ఆఫీసు పోర్టు బోర్డు మీదది, దాని పేరు మారలేదు, అందుకే నా లాగిన్ పనిచేసింది. మూడుని నాలుగు చేశాక అర నిమిషంలో ఇమేజ్‌లు వచ్చి పడ్డాయి.

ఇలాంటి పొద్దు ఇంకోటి నాకొద్దు. ఈ పోర్టులకి ఏ పద్ధతిలో పేర్లు పెట్టుకుంటే మంచిది? పాత ఈత్0, ఈత్1కి వెనక్కి వెళ్లాలా? సిస్టమ్ ఇచ్చే పేర్లే ఉంచి జాగ్రత్తగా ఉండాలా? స్కాన్, ఆఫీస్, బ్యాకప్ అని నేనే పెట్టుకోవాలా? ఒక్క విషయం గుర్తుంచుకుని చెప్పండి. నేను ఊళ్లో లేని రోజు ఆ గదిలోకి వెళ్లేది ఎక్స్‌రే టెక్నీషియన్. ఫోన్‌లో ‘ఈఎన్‌పీ నాలుగు ఎస్ సున్నా ఎఫ్ సున్నా’ అని చెప్తే ఏ రంధ్రం చూడాలో ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది?

నల్లమల_నెట్ (నంద్యాల)

అన్నా, గ్రబ్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) ఫైల్‌లో కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లైనుకి నెట్.ఇఫ్‌నేమ్స్=0 చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చెయ్. ఈత్0, ఈత్1 వచ్చేస్తాయి. నేను అద్దెకి తీసుకున్న వర్చువల్ మిషన్లన్నిట్లో ఇదే చేశాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పెన్నా_ఒడ్డు (కడప)

నంద్యాల తమ్ముడి మిషన్లకి ఒకటే పోర్టు ఉంటుంది కాబట్టి అక్కడ ఈత్0 నిశ్చింతగా నడుస్తుంది. కర్నూలు తమ్ముడూ, నీ సర్వర్‌లో మాత్రం ఆ పని చెయ్యొద్దు.

ఈత్0, ఈత్1 అన్నవి కెర్నల్‌కి కార్డులు కనిపించిన వరుసలో ఇచ్చే అంకెలు, అంతకు మించి వాటికి అర్థం లేదు. నీ బోర్డు పోర్టులకి ఒక డ్రైవర్, టెన్ గిగాబిట్ కార్డుకి ఇంకో డ్రైవర్ ఉండి ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు డ్రైవర్లు ఒకేసారి లోడవుతాయి. ఈరోజు బోర్డు ముందు లేచి ఈత్0 అవుతుంది, ఇంకో రోజు కార్డు ముందు లేస్తుంది. నీకు సోమవారం జరిగినదాంట్లో పేరు కనపడకుండా పోయింది, ఐపీ పడలేదు, ఎక్కడో తేడా ఉందని తెలిసింది. ఈత్0తో అయితే పేరు అలాగే ఉండి వేరే పోర్టుకి అతుక్కుంటుంది. స్కాన్ మిషన్ల ఐపీ ఆఫీసు కేబుల్ మీద నిలబడుతుంది. దాన్ని వెతకడం ఇంకా కష్టం.

మేం ఈ గొడవ పాతకాలం నుంచి పడుతున్నాం. ఒకప్పుడు యూడెవ్ (హార్డ్‌వేర్‌ని గుర్తించి పేర్లు పెట్టే ప్రోగ్రామ్) ప్రతి కార్డు మ్యాక్ అడ్రస్‌నీ (కార్డులోనే రాసి ఉండే నంబర్‌ని) 70-పర్సిస్టెంట్-నెట్ అనే రూల్స్ ఫైల్‌లో రాసుకునేది. కార్డు కాలిపోయి కొత్తది పెడితే పాత ఈత్0 ఆ ఫైల్‌లోనే ఉండిపోయి కొత్తది ఈత్1 అయ్యేది. వర్చువల్ మిషన్‌ని కాపీ చేసినా అంతే. పైగా కెర్నల్ ఇచ్చే పేర్లూ, మనం మార్చే పేర్లూ రెండూ ఈత్ వరుసలోనే ఉండటంతో ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో ‘రీనేమ్2’ లాంటి పేరుతో ఆగిపోయిన పోర్టుల్ని నా కళ్లతో చూశాను. తర్వాత డెల్ వాళ్లు బయాస్‌డెవ్‌నేమ్ తెచ్చారు, ఈఎమ్1, పీ1పీ1 పేర్లు దానివే. 2013 జనవరిలో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) 197వ వెర్షన్‌తో ఇప్పుడు నువ్వు చూస్తున్న పద్ధతి వచ్చింది.

ఈ పద్ధతి మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ని (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌ని) ముందు ‘ఇది బోర్డు మీది పోర్టా?’ అని అడుగుతుంది. అవునంటే ఈఎన్ఓ. కాకపోతే స్లాట్ నంబర్ అడుగుతుంది, చెప్తే ఈఎన్ఎస్. అదీ చెప్పకపోతే పీసీఐ బస్ నంబర్ (కార్డు తగిలిన దారి నంబర్) పట్టుకుని ఈఎన్‌పీ అని పెడుతుంది. నీ బోర్డు కార్డుకి స్లాట్ నంబర్ చెప్పలేదు, అందుకే ఈఎన్‌పీ3 వచ్చింది. ఆ బస్ నంబర్లని ఫర్మ్‌వేర్ ప్రతి బూట్‌లో మొదటి నుంచి లెక్కపెడుతుంది. నీ కొత్త అడాప్టర్ ఆ లెక్కలో ముందొచ్చే స్లాట్‌లో కూర్చుంది, దాని వెనకున్నవన్నీ ఒక అంకె జరిగాయి. కార్డులు కదపనంత వరకు ఈ పేర్లు స్థిరంగానే ఉంటాయి, కదిపితే హామీ లేదు.

ఆ పెద్దాయన రిపోర్టు టైముకి అందిందా లేదా రాయలేదు నువ్వు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందింది అక్కా. పదింబావుకి రిపోర్టు చేతికిచ్చాం, కొడుకు ఆటోలో తీసుకెళ్లాడు, డాక్టర్ చూశారు. సాయంత్రం బస్టాండ్‌కి వెళ్తూ కౌంటర్ దగ్గర ఆగి చెప్పి వెళ్లారు.

మీరు రాసింది చదివాక ఈత్0 మాట మర్చిపోయాను. సొంత పేర్ల వైపే మనసు పోతోంది.

టవర్‌క్లాక్_పక్కన (అనంతపురం)

అన్నా, నేను సోలార్ ప్లాంట్ల మానిటరింగ్ చూస్తాను. తొందరపడి సొంత పేర్లకి వెళ్లే ముందు మా అనుభవం కూడా విను.

మా కంట్రోల్ రూములు మండలాల్లో విసిరేసినట్టు ఉంటాయి. ఎండాకాలం లోపల ఫ్యాన్లు దుమ్ము పట్టి కంప్యూటర్ డబ్బాలు పోతుంటాయి. అన్నిచోట్లా ఒకే మోడల్, ఒకే స్లాట్‌లో ఒకే కార్డు. ఒక డబ్బా పోతే అక్కడున్న ఎలక్ట్రీషియన్ డిస్కు ఊడదీసి, స్పేర్ డబ్బాలో తోసి, ఆన్ చేస్తాడు. పేరు పీసీఐ స్థానం నుంచి వస్తుంది కాబట్టి కొత్త డబ్బాలో కూడా అదే ఈఎన్‌పీ1ఎస్0, కాన్ఫిగరేషన్ అక్షరం మార్చకుండా లేస్తుంది. మ్యాక్ అడ్రస్‌కి కట్టి పేరు పెట్టి ఉంటే? కొత్త డబ్బాలో మ్యాక్‌లన్నీ వేరు, ఏ పేరూ అతకదు. నేను అనంతపురం నుంచి తొంభై కిలోమీటర్లు పోవాలి. మొదట్లో మేం మ్యాక్‌తోనే పెట్టాం. రెండుసార్లు అర్ధరాత్రి జీపెక్కాక మార్చేశాం.

అంటే నీ దగ్గర ఏది ఎక్కువ మారుతుందో చూసుకో. మా దగ్గర డబ్బా మొత్తం మారుతుంది, లోపల కార్డులు ఎవరూ కదపరు. నీ దగ్గర డబ్బా ఒకటే, లోపల నువ్వే కార్డులు కలుపుతున్నావు.

ఇంకోటి, ఇది నన్ను ఒకరోజంతా తిప్పింది. కార్డుల లిస్టు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో బస్ నంబర్ హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో) కనిపిస్తుంది, పోర్టు పేరులో డెసిమల్‌లో ఉంటుంది. అక్కడ 3బీ అని ఉంటే పేరు ఈఎన్‌పీ59. రెండూ వేరే కార్డులనుకుని వెతక్కు. కొన్ని కార్డులకి కెర్నల్ మార్చాక పేరు చివర ఎన్‌పీ0 అని తోక కూడా వచ్చింది, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మానిటర్ తగిలించుకుని కూర్చో.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మంచి మాట చెప్పావు తమ్ముడూ. మా దగ్గర స్పేర్ సర్వర్ లేదు, కొనే ఆలోచన కూడా ఇప్పట్లో లేదు. బోర్డు పోతే ఎలాగూ నేను వెళ్లాల్సిందే. కార్డులు మాత్రం ఏడాదికొకసారైనా కదుపుతాను. కాబట్టి మ్యాక్‌కి కట్టడమే నాకు సరిపోతుంది.

పేరు ఏం పెట్టాలన్నదే మిగిలింది. నేనుండేది బి.క్యాంప్‌లో. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వేసిన క్యాంపులు ఇవి. 1956లో రాజధాని హైదరాబాద్‌కి పోయింది, పేరు నిలిచింది. ఈరోజుకీ ఆటో అతనికి బి.క్యాంప్ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మా టెక్నీషియన్‌కి స్కాన్0 అంటే అలా తట్టాలని నా కోరిక. అక్కా, దీంట్లో తప్పేమైనా ఉందా?

పెన్నా_ఒడ్డు (కడప)

బి.క్యాంప్ ఎక్కడికీ కదలదు తమ్ముడూ, కేబుల్ కదులుతుంది. ఏదో ఒకరోజు పోర్టు పాడై స్కాన్ కేబుల్ తీసి బ్యాకప్ పోర్టులో పెడతావు. అప్పుడు బ్యాకప్0 అన్న పేరు మీద స్కాన్ ట్రాఫిక్ నడుస్తుంది, ఆరు నెలల తర్వాత నువ్వే తికమక పడతావు. అందుకే పెద్ద చోట్ల పోర్టుకి హార్డ్‌వేర్ పేరే ఉంచి, దాని మీద ఒక బ్రిడ్జో బాండో (సాఫ్ట్‌వేర్‌తో చేసిన పై పోర్టు) వేసి పని పేరు దానికి పెడతారు. ఫైర్‌వాల్, డీహెచ్‌సీపీ (మిషన్లకి ఐపీలు పంచేది) అన్నీ ఆ పై పేరునే పట్టుకుంటాయి. పోర్టు మారితే ఒక్క లైను మారుస్తారు.

నీకు నాలుగు పోర్టులే, మనిషివి ఒక్కడివే, చూసేది టెక్నీషియన్. నీ చోట నేనున్నా పని పేరే పెడతాను. కానీ ఒక నియమం పెట్టుకో. కేబుల్ ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి మారిన నిమిషంలోనే పేరు కూడా మార్చాలి, రేపు చూద్దాం అనొద్దు.

ఇప్పుడు పని ఎలా చెయ్యాలో చెప్తాను. ఈటీసీ (సెట్టింగ్ ఫైళ్లుండే ఫోల్డర్) కింద సిస్టమ్‌డీ, దాని కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పోర్టుకొక లింక్ ఫైల్ రాయి. ఫైల్ పేరు 10తో మొదలుపెట్టు, సిస్టమ్‌తో వచ్చే 99-డిఫాల్ట్ ఫైల్ కంటే ముందు దాన్ని చదవాలి. మ్యాచ్ భాగంలో పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్ అని రాసి కార్డు మ్యాక్ ఇవ్వు, లింక్ భాగంలో నేమ్ ఇవ్వు. ఒట్టి మ్యాక్‌అడ్రస్ అని రాస్తే ఇబ్బంది ఉంది. రేపు ఆ పోర్టు మీద వీల్యాన్ (ఒకే కేబుల్ మీద నడిచే విడి నెట్‌వర్క్) వేస్తే దానికీ అదే మ్యాక్ వస్తుంది, ఆ ఫైల్ దానికి కూడా తగిలి పేరు కోసం రెండూ కొట్టుకుంటాయి. పర్మనెంట్ మ్యాక్ అసలు కార్డుకి మాత్రమే ఉంటుంది. ఎథ్‌టూల్‌కి పెద్ద పీ ఇస్తే ఆ అడ్రస్ చూపిస్తుంది.

పేరు పదిహేను అక్షరాలు దాటకూడదు, కెర్నల్ ఒప్పుకోదు. ఈత్ అని మొదలుపెట్టకు. ఒక పోర్టుకి మొదట సరిపోయిన లింక్ ఫైల్ ఒక్కటే పనిచేస్తుంది, డిఫాల్ట్ ఫైల్‌లోవి ఆ పోర్టుకి ఇక వర్తించవు. మారుపేరుగా పాత ఈఎన్‌పీ పేరు కూడా ఐపీ లింక్‌లో కనపడాలంటే ఆల్టర్నేటివ్‌నేమ్స్‌పాలసీ లైను నీ ఫైల్‌లోనూ రాసుకో. కెర్నల్ 5.5 నుంచి ఒక పోర్టుకి మారుపేర్లు ఉండొచ్చు, నీ డెబియన్ 12లో అది ఉంది.

డెబియన్‌లో లింక్ ఫైళ్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి (బూట్ మొదట్లో వాడే ఫైళ్ల మూటలోకి) కూడా కాపీ అవుతాయి. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మైనస్ యూ కొట్టడం మర్చిపోతే ఫైల్‌లో ఒక పేరు, లేచాక ఇంకో పేరు వస్తుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

రీబూట్‌కి ముందు ఈటీసీ మొత్తంలో పాత పేరు కోసం గ్రెప్ చెయ్యి, అంటే వెతుకు. ముఖ్యంగా ఫైర్‌వాల్. ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఐఐఎఫ్ అని రాసిన రూల్ లోడయ్యే సమయానికి ఆ పోర్టు ఉండి తీరాలి. లేకపోతే రూల్స్ ఫైల్ మొత్తం లోడవ్వదు, సర్వర్ తలుపులు తీసి నిలబడుతుంది. ఐఐఎఫ్‌నేమ్ అని రాస్తే ఫైల్ లోడవుతుంది గానీ పాత పేరున్న రూల్ దేనికీ తగలకుండా ఊరికే పడి ఉంటుంది. సోమవారం పొద్దున నీ ఫైర్‌వాల్ ఏ స్థితిలో ఉందో ఒకసారి లాగ్ చూడు. రోగుల ఇమేజ్‌లున్న సర్వర్ అది.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అక్కా, లాగ్ చూశాను. మీరన్నట్టే అయింది. ఐఐఎఫ్ అని రాసుకున్నాను, ఆదివారం రాత్రి నుంచి ఫైర్‌వాల్ లోడవ్వనే లేదు. లోపలి నెట్‌వర్క్ కాబట్టి ఎవరూ చొరబడిన ఆనవాలు లేదు, కానీ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇమేజ్‌లు రాకపోవడం అందరికీ తెలిసింది, ఇది మీరు చెప్పేదాకా నాకే తెలియలేదు. రూల్స్ అన్నీ ఐఐఎఫ్‌నేమ్‌కి మార్చాను. ఏ రూల్‌కీ తగలని ట్రాఫిక్‌ని ఆపెయ్యమని చివర పెట్టాను.

ఈ ఆదివారం చివరి సీటీ అయ్యాక, రాత్రి తొమ్మిదిన్నరకి పని మొదలుపెట్టాను. టెక్నీషియన్ అబ్బాయిని కూడా ఉండమన్నాను. మానిటర్, కీబోర్డు సర్వర్‌కే తగిలించాను. ముందు ఏ పేరు ఏ రంధ్రమో తేల్చుకోవాలి. ఎథ్‌టూల్‌కి చిన్న పీ ఇచ్చి ముప్పై సెకన్లు పెడితే ఆ పోర్టు దగ్గర లైటు ఆగకుండా మిణుకుతుంది. అబ్బాయి సర్వర్ వెనక టార్చి పట్టుకుని వంగి, ‘ఇదీ సార్, పై వరసలో ఎడమది’ అన్నాడు. నేననుకున్నది కుడిది! ఏడాదిన్నరగా నా నోట్‌బుక్‌లో బొమ్మ తిరగేసి గీసి ఉంది. తొందర్లో ఎవరైనా ఆ బొమ్మ చూసి కేబుల్ పీకి ఉంటే స్కాన్‌కి బదులు బ్యాకప్ ఊడేది.

నాలుగు లింక్ ఫైళ్లు రాశాను. స్కాన్0, బ్యాకప్0, ఆఫీస్0, ఖాళీ దానికి ఖాళీ0. గ్రెప్ చేస్తే పాత పేరు మూడుచోట్ల దొరికింది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్, ఫైర్‌వాల్ నేను ఊహించినవే. మూడోది డీహెచ్‌సీపీ నడిపే డీఎన్ఎస్‌మాస్క్, అందులో ఇంకా ఈఎన్‌పీ3 అనే ఉంది. అంటే వారం నుంచి స్కాన్ నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ నడవట్లేదు. మిషన్లకి ఐపీలు చేత్తో ఇచ్చినవి కాబట్టి బయటపడలేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అప్‌డేట్ చేసి రీబూట్ చేశాను. పేర్లు వచ్చాయి. ఎమ్మారై కన్సోల్ నుంచి అబ్బాయి డైకామ్ ఎకో (మిషన్ నుంచి సర్వర్‌కి లైను ఉందా అని అడిగే పరీక్ష) కొట్టాడు, జవాబొచ్చింది.

అక్కడితో ఆపలేదు. పవర్ తీసి ఎన్‌వీఎంఈ అడాప్టర్ ఊడదీసి మళ్లీ ఆన్ చేశాను. మారుపేరు ఈఎన్‌పీ3కి వెనక్కి జరిగింది, స్కాన్0 మాత్రం స్కాన్0గానే ఉంది. అడాప్టర్ తిరిగి పెట్టాను. మారుపేరు ఈఎన్‌పీ4, స్కాన్0 అలాగే. రెండు రీబూట్లలోనూ ఎకో కొట్టించాను, ఫైర్‌వాల్ రూల్స్ లోడయ్యాయో లేదో లిస్టు తీసి చూశాను.

తర్వాత పసుపు లేబుల్ టేపు మీద మార్కర్‌తో పేర్లు రాసి, కేబుల్‌కి రెండు చివర్లా, పోర్టు పక్కనా అంటించాం. ఇంగ్లీషులో ఒకటి, కింద తెలుగులో ఒకటి. తెలుగులో కూడా రాద్దామన్నది ఆ అబ్బాయే. రాత్రి షిఫ్టులో ఉండే ఆయాకి ఫోన్‌లో చెప్పినా చదవగలదని.

అనంతపురం తమ్ముడూ, నీ మాట మీద ఒకటి చేశాను. బోర్డో కార్డో మారితే మ్యాక్‌లు ఎక్కడ మార్చాలో, తర్వాత ఏ కమాండ్ కొట్టాలో ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి, గది తలుపు లోపలి వైపు తగిలించాను. నంద్యాల తమ్ముడూ, నా దగ్గర కూడా ఒకే పోర్టున్న వర్చువల్ మిషన్లు రెండున్నాయి, వాటికి ఈత్0 పెట్టుకున్నాను.

ఇక మిగిలింది డెబియన్ అప్‌గ్రేడ్. వచ్చే నెల ఒక ఆదివారం చూసుకుని చేస్తాను, పేర్లు నిలిచాయో లేదో ఇక్కడే రాస్తాను.